అగ్రిమెంట్ అయిపోయింది, కిరాయిదారు ఖాళీ చేయడం లేదు

ప్రశ్న: హన్మకొండ భీమారంలో మా ఇంటి పై పోర్షన్ నెలకు 9 వేలకు కిరాయికి ఇచ్చాను. అడ్వాన్స్ 18 వేలు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్న 11 నెలల అగ్రిమెంట్ పోయిన ఏడాదే అయిపోయింది. ఆ తర్వాత కూడా కిరాయి తీసుకుంటూ వచ్చాను. ఇప్పుడు నాలుగు నెలలుగా ఇవ్వడం లేదు. అడిగితే అడ్వాన్స్‌లో పట్టుకోమంటున్నాడు. కరెంటు కట్ చేసి తాళం వేయమని మా బావమరిది అంటున్నాడు. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అతనిదే అవుతుందట, నిజమేనా? కాజీపేటలో కిరాయిల కోసం ఒక ఫ్లాటు కూడా కొనాలనుకుంటున్నాను. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందు మీ బావమరిదిని ఆపండి. అగ్రిమెంట్ గడువు తీరినా, కిరాయి బాకీ ఉన్నా, లోపల ఉంటున్న మనిషిని కోర్టు ద్వారా తప్ప బయటికి పంపే వీల్లేదు. మీరు తాళం వేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద అతను ఆరు నెలల్లోపు దావా వేసుకోవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్నది కోర్టు చూడదు. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయించారా లేదా అన్నదే చూసి, మళ్లీ అతన్నే లోపలికి పంపిస్తుంది. పైగా పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాల్సింది మీరు. నాలుగు నెలలు కిరాయి ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారు అయిపోతాడు.

పన్నెండేళ్ల మాట టెన్షన్ పెట్టుకోవద్దు. కిరాయిదారుగా వచ్చినవాడు కిరాయిదారుగానే ఉన్నంతకాలం ఎన్నేళ్లయినా ఓనర్ కాడు, మీ యాజమాన్యాన్ని కాదనే హక్కు కూడా అతనికి లేదు. కాకపోతే అతను కిరాయికి వచ్చాడని చూపించే కాగితం, బ్యాంకులో పడిన కిరాయి ఎంట్రీలు మీ దగ్గర ఉండాలి. నోటి మాట మీద, చేతికి నగదు తీసుకుని ఇచ్చేవాళ్లకే అసలు ఇబ్బంది.

ఇక ఖాళీ చేయించడం. గడువు తీరాక కూడా మీరు కిరాయి తీసుకున్నారు కాబట్టి అది నెలవారీ కిరాయి కిందికి మారింది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు ఇచ్చి దాన్ని ముగించాలి. కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటింది కాబట్టి రెంట్ కంట్రోలర్ (తక్కువ కిరాయి ఇళ్ల తగాదాలు చూసే అధికారి) దగ్గరికి కాదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. నోటీసులో ఇంటి నంబరు, పై పోర్షన్ హద్దులు, ఏ నెల నుంచి ఎంత బాకీ, ఏ తేదీకల్లా ఖాళీ చేయాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్ట్రేషన్ చేసిన స్పీడ్ పోస్టులో పంపండి. అతను తీసుకోనని వెనక్కి పంపినా, సరైన అడ్రసుకు పంపి ఉంటే అందినట్టే లెక్క. తిరిగొచ్చిన ఆ కవరును చించకుండా దాచిపెట్టండి.

ఇక్కడ చాలామంది దెబ్బ తింటారు. నోటీసు అందిన వారానికి అతను ఫోన్‌పేలో 9 వేలు కొడతాడు, రిమార్కులో 'కిరాయి' అని రాస్తాడు. మీరు సంతోషంగా 'థాంక్స్' అని మెసేజ్ పెడతారు. రేపు కోర్టులో అతని వకీలు లేచి, కిరాయి తీసుకున్నారు కాబట్టి నోటీసును వదులుకున్నట్టే అని వాదిస్తాడు. అందుకే డబ్బు పడిన రోజే 'ఇది పాత బాకీ, వాడకపు పరిహారం కింద జమ చేసుకుంటున్నాను, నోటీసు అలాగే అమల్లో ఉంది' అని వాట్సాప్‌లో రాయండి.

దావాలో ఖాళీతోపాటు బాకీ, నోటీసు గడువు తర్వాత ఉన్నన్ని రోజులకు పరిహారం కూడా అడగాలి. కిరాయి బాకీకి మూడేళ్ల గడువు ఉంది. కేసు నడుస్తుండగా కిరాయి డిపాజిట్ చేయించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 15ఎ కింద అడగవచ్చు. అయితే నా ఉద్దేశంలో ముందు ఒకసారి పెద్దమనుషుల్లో కూర్చోండి. అడ్వాన్స్‌లో రెండు నెలలు పోతాయి, మిగతా రెండు నెలల్లో ఒక నెల వదిలేసైనా ఖాళీ చేయించుకుంటే కేసు ఖర్చు కన్నా చౌక. ఆ ఒప్పందం మాత్రం రాసుకుని సంతకం తీసుకోండి.

ఫ్లాటు సంగతికొస్తే, లెక్క ముందు, ఇష్టం తర్వాత. 40 లక్షల ఫ్లాటుకు నెలకు 12 వేలు వస్తే ఏడాదికి 1,44,000. అంటే 3.6 శాతమే, అదీ ఇంటి పన్ను, రంగులు, ఖాళీగా ఉన్న నెలలు తీసేయకముందు. హౌసింగ్ లోన్ వడ్డీ దీనికి రెట్టింపు. లోన్ మీదే కొంటే కిరాయితో ఈఎంఐ కడదామన్న ఆశ వదిలేయండి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, కార్పొరేషన్ అనుమతి ప్లాను, ఇంటి పన్ను, కరెంటు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బాకీలు చూడకుండా బయానా ఇవ్వొద్దు. ఏడాది దాటే అగ్రిమెంట్ అయితే రిజిస్టర్ చేయించాల్సిందే. ఎన్‌ఐటీ దగ్గరే కాబట్టి విద్యార్థులు అడగొచ్చు. నలుగురు ఉంటే నలుగురి సంతకాలూ, ఒకరి తండ్రి హామీ సంతకమూ తీసుకోండి. సెలవుల్లో ముగ్గురు వెళ్లిపోతే కిరాయి ఎవరిని అడగాలో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.