నీలగిరి, లావెండర్ నూనెలు వాసనకు, మర్దనకు సరే.. కడుపులోకి మాత్రం వద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దేవరకొండ. తెలిసినావిడ ఒకరు ఎసెన్షియల్ ఆయిల్స్ కిట్ అమ్మారు. అందులో నీలగిరి, లావెండర్, పిప్పరమెంటు, టీ ట్రీ, లవంగ నూనెల సీసాలున్నాయి. మా బాబుకు రెండేళ్లు దాటాయి, ఎప్పుడూ జలుబే. పడుకునే ముందు ముక్కు కింద నీలగిరి నూనె రాస్తే ఊపిరి బాగా ఆడుతుందని చెబితే రాస్తున్నాను. మా అత్తమ్మకు నడుము, మోకాళ్ల నొప్పులు, షుగర్ కూడా ఉంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు వేసి తాగిస్తే రెండూ తగ్గుతాయంటున్నారు. నాకు కూడా నిద్ర సరిగా పట్టడం లేదు. చెట్ల నుంచి తీసినవే కదా, వాడొచ్చా?
– ఒక సోదరి, దేవరకొండ

సలహా: అమ్మా, ముందు బాబు సంగతి. ముక్కు కింద నీలగిరి నూనె రాయడం ఈ రాత్రి నుంచే ఆపేయండి. నీలగిరిలోని సినియోల్, బామ్‌లలో ఉండే మెంథాల్, కర్పూరం పెద్దవాళ్లకు హాయిగానే ఉంటాయి. మెంథాల్ చల్లగా తగిలేసరికి ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది తప్ప, లోపలి వాపు తగ్గదు. పసిపిల్లల్లో అదే ఘాటు గొంతు కండరాలను ఒక్కసారిగా బిగుసుకుపోయేలా చేయొచ్చు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని చాలా బామ్‌ల డబ్బాల మీద రాసి ఉండేది అందుకే. మీ బాబుకు రెండేళ్లు దాటినా ముఖం మీద, ముక్కు దగ్గర ఇవి వద్దు.

ఇంకో భయం సీసా గురించి. వేలెడంత సీసా, మంచి వాసన, తేలిగ్గా ఊడే మూత. ఈ వయసు పిల్లలు దొరికింది దొరికినట్టు నోట్లో పెట్టుకుంటారు. నీలగిరి నూనె ఒక టీస్పూన్ కడుపులోకి పోతే చాలు, పిల్లవాడు మగతలోకి వెళ్లొచ్చు, ఫిట్స్ రావొచ్చు. అంతకన్నా తక్కువకే ఆసుపత్రి పాలైన పిల్లలున్నారు. లవంగ నూనె కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కిట్ మొత్తాన్ని తాళం వేసే బీరువాలో పెట్టండి, కిటికీ గట్టు మీద, టీవీ పక్కన వద్దు.

ఈ మాట వచ్చింది కాబట్టి కర్పూరం గురించి కూడా చెప్పాలి. మన ఊళ్లలో జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రుద్దుతారు, చిన్న మూట కట్టి మెడలో వేస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ కర్పూరం చర్మం గుండా, ఊపిరి గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. ఒక గ్రాము లోపు మింగినా చిన్నపిల్లలకు నిమిషాల్లో ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది. పూజ గూట్లోని బిళ్లలు వాళ్ల కంటికి చక్కెర బిళ్లల్లాగే కనిపిస్తాయి. అమెరికాలో మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదని 1980లలోనే నియమం పెట్టారు. మనం పూజకు కొనే కర్పూరం మందు కోసం చేసినది కాదు. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ జబ్బు ఉంటే కర్పూరం, నీలగిరి ఉన్న బామ్‌లకు వాళ్లు కూడా దూరంగా ఉండాలి.

ఒకవేళ బాబు ఏ నూనెనైనా మింగాడని అనుమానం వస్తే వేలు పెట్టి వాంతి చేయించొద్దు. ఉప్పు నీళ్లు తాగించొద్దు. వాంతి అయితే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావొచ్చు. నోరు తుడిచి, సీసాను కూడా వెంట తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి లేదా 108కి ఫోన్ చేయండి. అరగంటసేపు బాగానే ఆడుకుంటున్నాడని ఇంట్లోనే ఉండిపోకండి, ఒక్కోసారి లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా బయటపడతాయి. కంట్లో పడితే పావుగంట సేపు మంచినీళ్లతో కడుగుతూనే ఉండాలి.

జలుబుకు మెడికల్ షాపులో దొరికే సెలైన్ చుక్కలు ముక్కులో వేయండి, గోరువెచ్చని నీళ్లు, పల్చటి చారు ఇవ్వండి. ఏడాది దాటిన పిల్లలకు దగ్గు ఉంటే పడుకునే ముందు అర టీస్పూన్ తేనె మంచిది. మరిగే నీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టడం వద్దు, ఒళ్లు కాలిన పిల్లలు ఎందరో. ఇంట్లో దోమల చుట్ట, అగరుబత్తి, కట్టెల పొయ్యి పొగ ఉంటే జలుబు మానకపోవడానికి అదే కారణం కావొచ్చు. బాబు డొక్కలు ఎగరేస్తున్నా, నిద్రలో నిమిషానికి 40 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా అదే రోజు పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

ఇక అత్తమ్మ గారికి చుక్కలు తాగించడం. ఇది అస్సలు వద్దు. ఆకునో పువ్వునో ఆవిరిలో ఉడికించి, ఆ ఆవిరిని చల్లార్చితే విడిపడే నూనె ఇది. కిలో గులాబీ నూనె రావాలంటే టన్నులకొద్దీ రేకలు కావాలి. పుదీనా పచ్చడి తినడానికీ పిప్పరమెంటు నూనె చుక్క మింగడానికీ అంత తేడా ఉంది. పైగా నూనె నీళ్లలో కలవదు, పైన తేలి నేరుగా నాలుకకు, అన్నవాహికకు తగిలి మంట పుట్టిస్తుంది. పేగులకు సంబంధించిన ఐబీఎస్ జబ్బుకు మేం పిప్పరమెంటు నూనె క్యాప్సూల్ రాసే మాట నిజమే. అయితే అది పేగుల్లోకి వెళ్లాకే కరిగేలా పూత ఉన్న మందు, మోతాదు లెక్క ఉంటుంది. షుగర్‌ను అదుపు చేసే ఎసెన్షియల్ ఆయిల్ ఏదీ లేదు. ఈ చుక్కల భరోసాతో షుగర్ మాత్రలు ఒక్క పూట కూడా ఆపనివ్వకండి.

నొప్పులకు మర్దన చేయొచ్చు. ఒక టీస్పూన్ కొబ్బరినూనెలోనో నువ్వుల నూనెలోనో ఒకటి రెండు చుక్కలు మాత్రం కలిపి, ముందు ముంజేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. దద్దు, దురద లేకపోతే మోకాళ్లకు రాయండి. ఉపశమనం కొంత నూనె వల్ల, ఎక్కువగా మీ చేతి వెచ్చదనం, మర్దన వల్ల. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, మంట తెలియదు కాబట్టి పాదాలకు వద్దు. వింటర్‌గ్రీన్ నూనె ఉన్న ఘాటు నొప్పి తైలాలు వాడుతుంటే, రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటున్న సంగతి డాక్టర్‌కు చెప్పండి. ఆ నూనెలో ఉండేది ఆస్పిరిన్ జాతి మందే.

అత్తమ్మ గారు ఏ ఊళ్లో పుట్టి పెరిగారు, ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారు అని అడగాలని ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పెద్దవాళ్లలో నడుము, మోకాళ్ల నొప్పులంటే నేను ముందు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌నే అనుమానిస్తాను. మెడ తిప్పలేకపోవడం, వంగి చెప్పు తొడుక్కోలేకపోవడం, కింద కూర్చుని లేవలేకపోవడం ఉంటే వెన్నెముక, ముంజేయి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్‌ను ఏ నూనె రాసినా బయటికి తీయలేం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా చూసుకోవాలి. నల్లాలో కృష్ణా నీళ్లు వస్తుంటే తాగడానికీ వంటకీ అవే వాడండి, రుచి బాగుందని బోరు నీళ్లకు పోవద్దు. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, జామ తరచూ పెట్టండి.

కిట్‌లో మిగిలినవి పనికిరానివని నేను అనను. పంటి నొప్పికి లవంగ నూనె నిజంగా పనిచేస్తుంది. అందులోని యూజినాల్‌ను దంతవైద్యులే వాడతారు. దూదికి ఒక చుక్క అద్ది నొప్పి ఉన్న పన్నుకే పెట్టాలి, చిగురుకు తగిలితే పుండు పడుతుంది. అది డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా ఓర్చుకోవడానికే, పుచ్చును ఆపదు. మొటిమలకు 5 శాతం టీ ట్రీ జెల్ నెమ్మదిగా అయినా గుణమిస్తుందని ఆస్ట్రేలియాలో 1990లో వచ్చిన పరిశోధన చూపింది. సీసాలోని చిక్కటి నూనెను మాత్రం ముఖానికి నేరుగా పెట్టొద్దు. మన ఎండలకు, గాలికి పాతబడిన టీ ట్రీ నూనె ఎలర్జీ తెస్తుంది, పారేయడమే మేలు. ఒత్తిడి తలనొప్పికి పెద్దవాళ్లు పలుచన చేసిన పిప్పరమెంటు నూనెను కణతలకు రాసుకోవచ్చు, కళ్లకు దూరంగా. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేటినీ వాడొద్దు.

మీ నిద్ర గురించి ఒక్క ముక్కే రాశారు. లావెండర్ వాసనతో కొందరికి మనసు కుదుటపడుతుంది. దూదికి రెండు చుక్కలు వేసి, బాబుకు అందకుండా మీ మంచం పక్కన ఎత్తులో పెట్టి చూడండి, నష్టం లేదు. కానీ నెల దాటి నిద్ర పట్టకపోతుంటే, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోతుంటే, ఏ పని మీదా మనసు లేకపోతుంటే అది వాసనతో పోయేది కాదు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకోండి. మనసు బరువుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ పడవు. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది, రాత్రి బాబు ఎన్నిసార్లు లేపుతున్నాడు, పగలు కాసేపు నడుం వాల్చే వీలుందా అన్నవి కూడా నాకు మళ్లీ రాయండి.