విదేశీ ప్రముఖులు మరణిస్తే విజయవాడ, గుంటూరులలో జాతీయ జెండాను ఎందుకు అవనతం చేస్తారు? ఆ రోజు సెలవేనా?

విదేశీ ప్రముఖులు మరణించినప్పుడు విజయవాడ, గుంటూరు కలెక్టరేట్లపై జాతీయ జెండాను అవనతం చేసేది కేంద్ర హోం శాఖ ప్రకటించిన సంతాప దినాన్ని పాటించడానికే తప్ప స్థానిక అధికారుల నిర్ణయంతో కాదు, ఆ కారణంగా సెలవు కూడా ఉండదు. ఆప్తుణ్ణి కోల్పోయిన ఒక దేశ ప్రజల దుఃఖంలో మనమూ పాలుపంచుకుంటున్నామని తెలపడం దీని ఉద్దేశం. ఆ మాట యావద్దేశం తరఫున చెప్పేది కనుక, నిత్యం జెండా ఎగిరే ప్రభుత్వ భవనాలన్నిటిపైనా అవనతం చేస్తారు, అధికారిక వినోద కార్యక్రమాలను నిలిపివేస్తారు.

2025 ఏప్రిల్ 21న పోప్ ఫ్రాన్సిస్ మరణించినప్పుడు 22, 23 తేదీలలోను, తిరిగి అంత్యక్రియలు జరిగిన 26న కూడా సంతాపం పాటించారు. దీనిని గుణదల మాత భక్తుల వంటి క్రైస్తవులకే సంబంధించిన విషయంగా భావించడం సరికాదు. ఆయన వాటికన్ రాజ్యానికి అధినేత కూడా.

సంతాప దినమంటే బడులకు, బ్యాంకులకు సెలవన్నదే ఎక్కువమందిలో ఉన్న అపోహ. సెలవు కావాలంటే ప్రభుత్వం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. జెండాను నేరుగా సగం వరకే ఎగరవేస్తారనుకోవడమూ పొరపాటే: ముందు కొసదాకా ఎగరవేసి, ఆ తర్వాతే సగానికి దించాలి, సాయంత్రం దించేముందు మళ్లీ కొసదాకా తీసుకువెళ్లాలి. మరణించిన వ్యక్తి పట్ల, జెండా పట్ల కూడా గౌరవం నిలిపే ఈ పద్ధతిని శ్రద్ధగా పాటించవలసిందే.