పాతతరం సినిమా తార మీద వచ్చిన ఫొటోల పుస్తకం బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

నేనైతే ముందు ఫొటోల కింద రాసిన వివరాలు చూస్తాను. ఏ సంవత్సరం, ఏ సినిమా, తీసిందెవరు? హాలీవుడ్ తార గ్రెటా గార్బో సంగతే తీసుకోండి. 1929 నుంచి 1941 దాకా ఆమె పోర్ట్రెయిట్లు ఎక్కువగా తీసింది ఎం.జి.ఎం. స్టూడియో ఫొటోగ్రాఫర్ క్లారెన్స్ సింక్లెయిర్ బుల్. ఆయన పేరే లేకపోతే ఆ పుస్తకం మీద నాకు నమ్మకం పోతుంది.

అప్పట్లో హాలీవుడ్ స్టూడియోల్లో నెగెటివ్ మీదే పెన్సిల్‌తో దిద్ది మచ్చలు, ముడతలు కనిపించకుండా చేసేవారు. అందుకే పోజులిచ్చిన ఫొటోలతో పాటు, షాట్‌కీ షాట్‌కీ మధ్య అలిసిపోయి కూర్చున్న మనిషి కూడా కనిపించాలి. అభిమానికి ఆ తార దగ్గరయ్యేది అక్కడే!

ప్రింటింగ్ అయితే, నల్లటి దుస్తుల్లో మడతలు విడివిడిగా తెలుస్తున్నాయేమో చూడండి. మొహం రెండు పేజీల మధ్య మడతలో పడితే మాత్రం కొనకండి.