టర్బో కారుకి బూస్ట్ కంట్రోలర్ సొంతంగా చేసుకోవచ్చా?

కావలి తమ్ముడు ఒకతను అడిగిన ప్రశ్న ఇది. పాత ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 టర్బో పెట్రోల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అక్వేరియం వాల్వు ఒకటి పెడితే బూస్ట్, అంటే టర్బో ఇంజన్‌లోకి నొక్కి పంపే గాలి ఒత్తిడి, పెరుగుతుందని ఎక్కడో చూశాడట. నిజమేనా, ఇంజన్ పోతుందా అని అడుగుతున్నాడు.

బూస్ట్ పెరగడం నిజమే తమ్ముడూ. ఇంజన్ పోవచ్చన్నదీ నిజమే. నాదీ అదే బండి, ఒంగోలులో తిరుగుతుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల కంప్రెసర్లకి హోసులు, ఫిట్టింగులు అమ్మడం నా వ్యాపారం, కాబట్టి ఇత్తడి ముక్కలకి నాకు కొదవ లేదు. అయినా నీకు చెప్పేది ఒకటే: వాల్వు కన్నా ముందు బూస్ట్ గేజ్ కొను. గేజ్ లేకుండా బోల్టు తిప్పేవాడితో నేనైతే మాట్లాడను.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడు. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ టర్బైన్‌ని తిప్పుతుంది, దానితోపాటు తిరిగే ఇంకో చక్రం బయటి గాలిని ఇంజన్‌లోకి నొక్కుతుంది. అది హద్దు దాటకుండా పక్కన చిన్న తలుపు ఉంటుంది, అదే వేస్ట్‌గేట్. దాన్ని తెరిచే డబ్బా యాక్చుయేటర్. దాని లోపల ఒక స్ప్రింగు, ఒక రబ్బరు డయాఫ్రమ్ ఉంటాయి. టర్బో గాలి సన్న హోసులోంచి ఈ డబ్బాకి వచ్చి స్ప్రింగుని నెట్టగలిగితే తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు పొగలో కొంత టర్బైన్ మీదికి రాకుండానే పోతుంది, బూస్ట్ అక్కడ ఆగుతుంది. మనం చేసే కంట్రోలర్ పనల్లా ఈ డబ్బాకి అబద్ధం చెప్పడం. గాలి 0.7 బార్ (ఒక బార్ అంటే దాదాపు బయటి గాలి ఒత్తిడంత) ఉన్నా డబ్బాకి 0.4 మాత్రమే అందేలా చేస్తుంది.

అక్వేరియం వాల్వు పద్ధతిలో ఆ హోసుని మధ్యలో కోసి, టీ (T ఆకారంలో మూడు కొసలుండే ఫిట్టింగు) పెట్టి, మూడో కొసకి వాల్వు బిగిస్తారు. కొంత గాలి బయటికి కారిపోతుంది కాబట్టి డబ్బాకి తక్కువ అందుతుంది. పనిచేస్తుంది, కాదనను. కానీ మన వైపు రొయ్యల చెరువుల సామాను అమ్మే షాపుల్లో దొరికే ప్లాస్టిక్ వాల్వు, పీవీసీ ట్యూబు బానెట్ కింది వేడికి మెత్తబడతాయి. ట్యూబు ఊడిందంటే డబ్బాకి గాలే అందదు, తలుపు తెరుచుకోదు, బూస్ట్ ఆగదు. పిస్టన్లు పగిలేది ఇలాంటప్పుడే. పైగా ఈ పద్ధతిలో డబ్బాకి మొదటి నుంచీ కొంత గాలి పోతూనే ఉంటుంది, తలుపు ముందుగానే కాస్త కాస్త తెరుచుకుంటుంది, టర్బో లేవడం ఆలస్యమవుతుంది.

నేను పెట్టింది బాల్, స్ప్రింగు రకం. పావు అంగుళం ఇత్తడి టీ తీసుకో. తిన్నగా ఉన్న రెండు కొసల్లో ఒకదానికి టర్బో నుంచి వచ్చే హోసు తొడిగే నిప్పుల్ బిగించు. దాని మూతి మీద లోపలి వైపు ఒక స్టీలు బాల్ కూర్చోవాలి. పాత బేరింగులోది సరిపోతుంది, రంధ్రం కన్నా కాస్త పెద్దదైతే చాలు. బాల్ వెనక స్ప్రింగు, స్ప్రింగుని నొక్కే బోల్టు, దానికి లాక్ నట్టు. ఎదురు కొసని మూసే, ఈ బోల్టు పట్టే ఎండ్ ప్లగ్గుకి మరలు లేత్ మిషన్ మీద కోయించుకో, ఆటోనగర్‌లో టీ తాగేలోపు చేసిస్తారు. అడ్డంగా ఉన్న మూడో కొస నుంచి హోసు యాక్చుయేటర్‌కి పోతుంది.

బాల్ సరిగ్గా కూర్చోవడమే ఇందులో కిటుకు. నిప్పుల్ మూతిని పెద్ద డ్రిల్ బిట్‌తో కాస్త ఏటవాలు చేసి, దాని మీద ఇంకో బాల్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యి. ఇత్తడి మెత్తన కదా, బాల్ ఆకారానికి సర్దుకుంటుంది. ఆ బాల్ పారేసి కొత్తది వేసి, స్ప్రింగు బిగించి నోటితో ఊదు. గాలి పోకూడదు. తర్వాత యాక్చుయేటర్ వైపు కొసకి ఒక మిల్లీమీటరు రంధ్రం వెయ్యి. చాలామంది వదిలేసేది ఇదే. ఇది లేకపోతే గేర్ మార్చినప్పుడు డబ్బాలో గాలి బాల్ వెనక చిక్కుకుపోతుంది, తలుపు మూసుకోదు, తర్వాతి గేర్‌లో బండి ఈడుస్తుంది.

మన బండిలో బూస్ట్‌ని ఎన్75 అనే సొలెనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) చూసుకుంటుంది. దానికి మూడు హోసులు ఉంటాయి. టర్బో హోసుని, యాక్చుయేటర్ హోసుని మన టీకి కలిపాక, మూడోది పోయే ఇన్‌టేక్ పైపు రంధ్రానికి క్యాప్ పెట్టాలి. లేకపోతే ఎయిర్ ఫ్లో మీటరు లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది. కరెంటు ప్లగ్గు మాత్రం ఎన్75కే ఉంచు, పీకితే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. హోసులు నూనెకి, వేడికి ఆగే రబ్బరువి వాడి, ప్రతి కొసకీ క్లాంపు వెయ్యి. గేజ్ గాలి ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి తీసుకో, యాక్చుయేటర్ హోసు నుంచి తీస్తే అది కూడా అబద్ధమే చూపిస్తుంది.

సెట్టింగ్ మొదలుపెట్టేటప్పుడు బోల్టు పూర్తిగా వదులుగా ఉండాలి. మూడో గేర్‌లో తక్కువ ఆర్‌పీఎం నుంచి ఫుల్ యాక్సిలరేటర్, పక్క సీట్లో కూర్చున్నవాడు గేజ్ చూడాలి, నువ్వు రోడ్డు చూడాలి. నా బండిలో అలా 0.4 బార్ దగ్గర ఆగింది. అక్కడి నుంచి అర చుట్టు చొప్పున బిగించి 0.7 దగ్గర లాక్ నట్టు వేశాను. ఇంకా పోనివ్వాలని చేతులు లాగుతాయి, అది వేరే సంగతి. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) అనుకున్నదాని కన్నా బూస్ట్ ఎక్కువైతే పీ0234 కోడ్ వచ్చి థ్రాటిల్ మూసేస్తుంది, బండి చచ్చుబడుతుంది. అది నీ మంచికే.

నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోల్, గాలి మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం, చెవికి వినిపించేదాకా ఆగొద్దు. ఇంజన్‌లో గులకరాళ్లు గిలకొట్టినట్టు చప్పుడు వచ్చేసరికే ఆలస్యమై ఉంటుంది. ఈసీయూ లెక్కల్ని ల్యాప్‌టాప్‌లో చూపించే వీసీడీఎస్ కేబుల్ ఉన్న మెకానిక్‌ని పట్టుకుని అందులో 115, 020 బ్లాకులు చూడు. 115లో అడిగిన బూస్టు, వచ్చిన బూస్టు పక్కపక్కన ఉంటాయి. అందులో బయటి గాలి ఒత్తిడి కూడా కలిసి ఉంటుంది కాబట్టి 1700 మిల్లీబార్లు అంటే, బయటి గాలిది వెయ్యి తీసేస్తే, మన 0.7 అన్నమాట. 020లో నాకింగ్‌కి భయపడి ఈసీయూ ఒక్కో సిలిండర్‌లో స్పార్క్ టైమింగ్ ఎంత వెనక్కి లాగిందో కనిపిస్తుంది. అక్కడ అంకెలు పెరుగుతూ ఉంటే నువ్వు బిగించిన బోల్టు వేడినే పెంచుతోంది, పవర్‌ని కాదు.

అందుకే ఎండాకాలం సెట్టింగ్ వేరు. మే నెలలో మన దగ్గర 42 డిగ్రీలు ఉన్నప్పుడు గాలిని 0.7 బార్‌కి నొక్కితే టర్బో నుంచి అది వంద డిగ్రీలు దాటి వస్తుంది. ఇంటర్‌కూలర్ చల్లబరుస్తుంది గానీ దాని మీదికి వచ్చేది కూడా వడగాలే. నేను ఉగాది దాటాక బోల్టు ఒక చుట్టు వదులు చేస్తాను, 95 ఆక్టేన్ పెట్రోల్ తప్ప వేరేది పోయను. 91 ఆక్టేన్ పెట్రోల్ బూస్ట్ పెంచిన బండికి చాలదు.

డీజిల్ కారున్న మిత్రులు కూడా ఇదే అడుగుతుంటారు. మీకు వద్దు. ఇప్పటి డీజిల్ కార్లు చాలావాటిలో టర్బో రెక్కల కోణాన్ని ఈసీయూనే మారుస్తుంది, ఈ టీ అక్కడ పనికిరాదు. డీజిల్ పెంచకుండా ఒట్టి గాలి పెంచితే వచ్చేదీ పెద్దగా ఉండదు.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత సెక్షన్ 182ఎ ప్రకారం ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపడానికి ఇదో సాకు. ఇవన్నీ తెలిసీ చేస్తానంటే నీ ఇష్టం. హైవే మీద మాత్రం టెస్టింగ్ పెట్టుకోకు, కావలి నుంచి ఒంగోలు దాకా లారీలు ఎలా ఉంటాయో నీకు తెలుసు.

పావు అంగుళం టీ, నిప్పుళ్లు కావలిలో దొరక్కపోతే ఒంగోలులో ఏ న్యూమాటిక్ సామాను షాపులో అడిగినా ఇస్తారు. ఇత్తడివే అడుగు, పూత వేసిన ఇనుప నిప్పుల్ ఇస్తే వద్దను, దాని మీద బాల్ కూర్చోదు.