జీఎస్టీ నంబరు ఉండగా జీఎల్‌ఎన్ ఎందుకు?

ప్రశ్న: గుంటూరు నుంచి కారప్పొడి ఎగుమతి చేస్తున్నాం. విదేశీ కొనుగోలుదారు ఫారంలో 13 అంకెల జీఎల్‌ఎన్ (గ్లోబల్ లొకేషన్ నంబర్, అంటే సంస్థనో చోటునో గుర్తించే నంబరు) అడిగారు. జీఎస్టీ నంబరు వేస్తే తీసుకోవడం లేదు. మాకు ఆఫీసు, మిల్లు, గోడౌన్ ఉన్నాయి. కాయలు మాత్రం అద్దె కోల్డ్ స్టోరేజీలో ఉంటాయి. ఎన్ని నంబర్లు కావాలి?

జవాబు: జీఎస్టీ నంబరు 15 అక్షరాలది. ముందు రాష్ట్రం కోడ్ (ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36), ఆ తర్వాత పాన్. మిల్లుకూ గోడౌన్‌కూ సాధారణంగా అదే నంబరు కాబట్టి లారీ ఏ గేటుకు రావాలో దాన్నిబట్టి తెలియదు. జీఎల్‌ఎన్ ఆ గేటు సంగతి చెబుతుంది.

మీ ప్యాకెట్ల బార్‌కోడ్‌కు జీఎస్1 ఇండియా (బార్‌కోడ్ నంబర్లు కేటాయించే సంస్థ) ఇచ్చిన ప్రిఫిక్స్ (మీ నంబర్లన్నిటికీ ముందుండే అంకెలు) ఉంటే మళ్లీ కొనక్కర్లేదు, దానితోనే జీఎల్‌ఎన్‌లూ తయారవుతాయి. ప్రిఫిక్స్ 9 అంకెలైతే తర్వాతి 3 అంకెలు మీ ఇష్టం, చివరిది చెక్ అంకె, అంటే నంబరు రాయడంలో తప్పు పట్టేందుకు లెక్కకట్టి వేసేది. ఉదాహరణకు 890123400001 అనుకోండి. ఎడమ నుంచి బేసి స్థానాల మొత్తం 14. సరి స్థానాలదీ 14, దాన్ని 3తో గుణిస్తే 42. కలిపితే 56. పై పదికి 4 తక్కువ కాబట్టి పూర్తి నంబరు 8901234000014.

మీకు నాలుగు చాలు: సంస్థకు ఒకటి, ఆఫీసుకు, మిల్లుకు, గోడౌన్‌కు ఒక్కొక్కటి. సంస్థకూ ఆఫీసుకూ ఒకటే పెట్టుకోవచ్చు గానీ మేం వద్దంటాం. రేపు ఆఫీసు మారినా బిల్లు పేరు మారదు కదా. కోల్డ్ స్టోరేజీకి మీరు నంబరు పెట్టేముందు వాళ్లకే ఉందేమో అడగండి. గోడౌన్ మూసేస్తే ఆ నంబరును ఇంకో చోటికి వాడకండి. పాత ఆర్డర్లు కొత్త చిరునామాకు వచ్చిపడతాయి.

ఎక్సెల్‌లో ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. లేకపోతే నంబరు 8.90123E+12గా కనిపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే చివరి అంకెలు పోయినట్టే.

ప్రశ్న: చెక్ అంకె సరిపోయినా సరుకు వేరే గోడౌన్‌కు వెళ్లింది. ఎలా?

జవాబు: పక్కపక్క అంకెలు తారుమారై ఉంటాయి. వాటి తేడా 5 అయితే చెక్ అంకె ఆ తప్పు పట్టలేదు. పై ప్రిఫిక్స్‌తోనే 016, 061 వేసి చూడండి: 8901234000168, 8901234000618. రెంటికీ చివర 8 వస్తుంది. ఇలాంటి జంటలో ఒకటి మాత్రమే వాడండి. నంబరు చేత్తో కొట్టకుండా బార్‌కోడ్‌గా స్కాన్ చేయిస్తే ఇంకా మేలు. అందులో స్థలం నంబరు ముందు 414, సరుకు చేరాల్సిన చోటుకు 410 వేస్తారు.