తుపాను వాన ఇంటి లోపల చేసిన నష్టం: సర్వేయర్ లెక్కే అంతిమమా?

ప్రశ్న: మాది కడప. తుపాను గాలికి మేడమీది గది రేకులు లేచిపోయి, వాననీరు కింది అంతస్తు దాకా దిగింది. పీఓపీ సీలింగ్ ఊడిపడింది, వంటింటి ప్లైవుడ్ కబోర్డులు ఉబ్బిపోయాయి, వైరింగ్ చెడిపోయింది. భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ ఉంది. నష్టాన్ని అంచనా వేయడానికి వచ్చిన బీమా సర్వేయర్ రేకులకు, రంగులకు మాత్రమే విలువ కట్టి, మిగిలినదంతా పాత చెమ్మేనని రాశారు. ఇక చేసేదేమీ లేదా?

జవాబు: ఉంది. సర్వేయర్ నివేదిక ముఖ్యమైన సాక్ష్యమే అయినా అదే చివరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లో ఒక బీమా కేసులో స్పష్టం చేసింది. అయితే ఆ నివేదిక తప్పని ఊరికే అంటే సరిపోదు, ఎక్కడ తప్పో చూపించాలి. ముందుగా దాని కాపీని లిఖితపూర్వకంగా కోరండి.

మీ కేసంతా నీరు వచ్చిన దారి మీద ఆధారపడి ఉంది. రేకులు లేచిన చోటు నుంచి స్లాబు మీదుగా ఏ గోడ వెంట నీరు దిగి ఏ వస్తువును తడిపిందో ఫొటోలతో గదివారీగా చూపించగలిగితే, పాత చెమ్మ అన్న వాదన నిలవడం కష్టం. నేల నుంచి పైకి ఎక్కే పాత చెమ్మ గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగిస్తుంది. పైనుంచి కారిన వాన చారలు కిందికి దిగుతూ కనిపిస్తాయి. ఈ తేడాను సివిల్ ఇంజనీరు చేత రాయించండి. క్లెయిమ్ ఒప్పుకుంటే ఇంజనీరు ఫీజు కూడా క్లెయిమ్ మొత్తంలో 5 శాతం వరకు ఈ పాలసీ కింద వస్తుంది. ఆనాటి వర్షపాతం, గాలి వేగం వివరాలను వాతావరణ శాఖ నుంచి తీసుకుని జతచేయండి.

గోడకు బిగించిన కబోర్డులు, సీలింగ్, వైరింగ్ భవనంలో భాగమే కాబట్టి వాటిని ఆ పద్దులోనే చూపాలి. టీవీ, సోఫా, పరుపుల వంటివి గృహోపకరణాల కిందికి వస్తాయి. విడిగా ఎక్కువ మొత్తానికి బీమా చేయించి ఉండకపోతే, వాటికి భవన బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రక్షణ దానంతటదే ఉంటుంది. కబోర్డులకు ఒకే మొత్తం రాయకుండా, చెడిన అరలు, తలుపులు, కొత్త ప్లైవుడ్, వడ్రంగి కూలి అంటూ విడదీసి కొటేషన్ తీసుకోండి. నీళ్లలో నానినా చెక్కుచెదరని కడప బండల షెల్ఫులను కూడా కలిపి రాసే వాళ్లుంటారు. ఆ ఒక్క పద్దుతో మిగతా లెక్క మీద నమ్మకం పోతుంది.

కంపెనీ ఇచ్చే తక్కువ మొత్తాన్ని తీసుకోవలసి వస్తే, పూర్తి పరిష్కారంగా సంతకం చేయకుండా, అభ్యంతరంతో స్వీకరిస్తున్నట్లు రాసి కాపీ ఉంచుకోండి. తర్వాత కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. వారు తిరస్కరించినా, నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఏడాదిలోగా, బీమా కంపెనీలపై ఫిర్యాదులను విచారించే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు కాబట్టి ఈ వరుస తప్పవద్దు. కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది. అంబుడ్స్‌మన్ దగ్గర ఎంత ఆలస్యమైనా ఆ తేదీ దాటనివ్వకండి.