అచ్చం అదే పత్రిక, అడ్రసు మాత్రం వేరు

ప్రశ్న: బెంగళూరులోని మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో బ్యాంకుల పేరుతో నకిలీ లింకులు తరచూ వస్తుంటాయి. ప్రభుత్వాలు చేయించే దుష్ప్రచారంలోనూ ఇవే ఎత్తుగడలు వాడతారట, నిజమేనాండీ?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: నిజమేనమ్మా. 2022లో బయటపడిన 'డోపెల్‌గాంగర్' అనే రష్యా ప్రచారాన్నే చూడండి. ఫ్రాన్స్ పత్రిక 'ల మోంద్' అసలు అడ్రసు చివర 'డాట్ ఎఫ్‌ఆర్' ఉంటుంది. వీళ్ళు 'డాట్ ఎల్‌టీడీ'తో మరో అడ్రసు కొని, అదే లోగో, అవే అక్షరాలు పెట్టి, ఉక్రెయిన్‌కు వ్యతిరేకంగా అల్లిన కథనాలను అందులో ఉంచారు. నకిలీ బ్యాంకు పేజీ తయారుచేసేవాడి పద్ధతి కూడా సరిగ్గా ఇదే. లింకు నొక్కినవారిని రెండు మూడు సైట్ల మీదుగా తిప్పి, తాము గురిపెట్టిన దేశంవారికి మాత్రమే ఆ కథనం చూపించి, తనిఖీ చేసేవారికి ఏ హానీ లేని పేజీ చూపించడం కూడా మోసగాళ్ళ దగ్గర నేర్చిన విద్యే. 2024 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ ఈ ప్రచారానికి వాడిన 32 డొమైన్లను, అంటే వెబ్ అడ్రసులను, స్వాధీనం చేసుకుంది.

అంతకుముందు, 2016లో, రష్యా సైనిక గూఢచారులు గూగుల్ భద్రతా హెచ్చరికలా కనిపించే మెయిల్‌తో అమెరికా అధ్యక్ష ఎన్నికల అభ్యర్థి హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టా పాస్‌వర్డ్ సంపాదించి, ఆయన మెయిళ్ళను ఎన్నికల ముందు బయటపెట్టించారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే తేడా ఒకటుంది. ఖాతాలో డబ్బు పోతే వెంటనే తెలుస్తుంది, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తాం. అబద్ధం నమ్మినవారికి మాత్రం మోసపోయామన్న సంగతే తెలియదు. అందుకే గ్రూపులో వచ్చిన లింకు నొక్కకుండా, ఆ పత్రిక అడ్రసును మీరే టైపు చేసి, ఆ వార్త అక్కడ ఉందో లేదో చూడండి.